అతివాదమును పరిశోధించిన గణితవేత్త

(తిరుపతిలో నొక పఠనమందిరమున జరిగిన సభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఈ సాయంకాలము మీ యెదుట ప్రసంగింపుమని పఠనమందిరపు పెద్దలు నన్ను కోరినప్పుడు, స్వాతంత్ర్య సమరయోధులలో నెవరినిగూర్చియైన మాటలాడుదునని వారు తలచియుందురు. నేను వేఱొక విషయమును ఎన్నుకొంటిని. రాజకీయములలో హింసామార్గము పట్టినవారిని, వారి నణచుటకు హింసనే ప్రయోగించిన ప్రభుత్వమును, ఉభయులను పాతికయేండ్లు పరిశీలించిన యొక విద్వాంసుని జీవితమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. ఆయన డాక్టరు కందాళ్ల బాలగోపాల్ గారు. 1952 జూన్ 10వ తేదీన బళ్లారిలో జన్మించి, 2009 అక్టోబరు 8వ తేదీన హైదరాబాదులో కీర్తిశేషులైరి.

ఈ విషయము మన తిరుపతికి దూరమైనది కాదు. 2003 అక్టోబరు 1వ తేదీన, బ్రహ్మోత్సవముల సమయమున, శ్రీవారికి పట్టువస్త్రములు సమర్పించుటకు కొండకు పోవుచున్న నాటి ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడుగారి వాహనముపై అలిపిరికడ నక్సలైట్లు మందుపాతరలు పేల్చిరి. ఆయన గాయములతో బయటపడిరి. నేనప్పుడు ఈ యూర న్యాయశాస్త్ర విద్యార్థిని. ఆ రాత్రి వసతిగృహమున మా గదిలో పదిమందిమి గుమిగూడితిమి. అందఱమును కోపముతో నుంటిమి. ఆ కోపము న్యాయమైనదే. అప్పుడు మాలో నొకడు, పడమటి తాలూకాల రైతుబిడ్డ, “చదువుకొన్నవారు కూడ ఈ పనికి దిగుటకు కారణమేమైయుండును?” అని యడిగెను. “నీవును వారిలోనివాడవేనా?” యని నలుగురొక్కమాఱు లేచిరి. ఒకడు చొక్కా పట్టుకొనెను. ఆ పిల్లవాడు మఱునాడే గది మార్చుకొనెను. అతని ప్రశ్న తప్పు కాదని నాకు తెలియును. ఐనను నోరు మెదపలేదు. ఇరువది యేండ్లు గడచినను ఆ మౌనము నన్ను విడువలేదు. నేటి నా మాటలు ఆ పిల్లవానికి నేనీయవలసిన బాకీ యని మీరు గ్రహింపవలెను.

ముందుగా అతివాది యను మాటనే చూతము. 1907లో సూరతు కాంగ్రెసున మితవాదులనియు, అతివాదులనియు రెండు పక్షములేర్పడినప్పుడు, అతివాదులనిపించుకొన్నవారు లోకమాన్య తిలకుగారు మొదలగు దేశభక్తులు. ఆ సంవత్సరమే బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి చేసిన ఉపన్యాసములు మన తాతలను మేల్కొలిపినవి. మన్యమున 1922 మొదలు 1924 వఱకు పోరాడిన అల్లూరి సీతారామరాజును దొరలు ఫితూరీదారుడనిరి. కావున ప్రభుత్వము పెట్టిన పేరును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. అట్లని, నాడు దొరలు పెట్టిన పేరు తప్పు గనుక నేడు తుపాకి పట్టిన ప్రతివాడును సీతారామరాజే యనుటయు చెల్లదు. పేరును విడిచి పనిని విచారింపవలెను. పనికి వెనుకనున్న కారణమును విచారింపవలెను. ఆ విచారణ ఎవరు చేయవలెను, ఎట్లు చేయవలెను అనునదే నేటి ప్రశ్న.

మన దేశమున అతివాదమును విచారించుటకు రెండు త్రోవలు కనబడుచున్నవి. మొదటిది రౌలట్ దొర త్రోవ. రాజద్రోహమును విచారించుటకు ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1918లో నివేదిక సమర్పించెను. ఏ కుట్ర యెచ్చట జరిగెను, అందులో నెవరెవరుండిరి అను వివరములు అందు విస్తారముగా గలవు. ఆ యువకులు ప్రాణములొడ్డుటకు తెగించుటకు పాలకులు చేసిన దోషమేమైన గలదా యను ప్రశ్నకు అందు చోటు లేదు. ప్రశ్న లేనిచోట జవాబేమియుండును? విచారణ లేకయే నిర్బంధింపవచ్చునని 1919లో చట్టము వచ్చెను. ఆ యేటి ఏప్రిల్ 13వ తేదీన జలియన్‌వాలా బాగు వచ్చెను.

రెండవ త్రోవకు దృష్టాంతము మన తెలుగుదేశముననే యున్నది. 1940లో ఆదిలాబాదు అడవులలో జోడేఘాటున గోండు వీరుడు కొమురం భీము నైజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. తిరుగుబాటు అణగినది గాని దానికి కారణమేమో ప్రభుత్వమునకు బోధపడలేదు. అప్పుడు హైదరాబాదు రాజ్యమున క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడుండెను. యుద్ధకాలమున శత్రుదేశపు పౌరుడను లెక్కలో బడి, ఆ రాజ్యపు ఎల్లలు దాటుటకు వీలులేక యుండినవాడు. గోండుల స్థితిగతులను విచారింపుమని ప్రభుత్వమాయనను కోరెను. ఆయన భార్యతో గూడ మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని, వారి భాష నేర్చి, వారి నడుమనే కాపురముండెను. తరతరములుగా దున్నుకొనుచున్న భూములు బయటివారి పాలగుట, అడవి చట్టముల పేర చిన్న ఉద్యోగులు చేయు పీడన, ఇవి ఆయన కన్నులబడినవి. ఆయన సలహాపై వేలకొలది గోండు కుటుంబములకు పట్టాలు లభించినవి. గోండీ భాషలో పాఠశాలలు వెలసినవి. 1987లో ఆయన భార్య మరణింపగా ఆ మార్లవాయిలోనే సమాధి కట్టిరి.

ఐనను కథ సుఖాంతము కాలేదు. ఆ యిచ్చిన భూములలో చాలభాగము మరల బయటివారి చేతులలోనికి పోవుట వృద్ధాప్యమున ఆయనయే చూచి వ్రాసెను. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో గోండుల సభపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే పదుమువ్వురు చనిపోయిరి. జోడేఘాటునుండి ఇంద్రవెల్లి వఱకు నలుబదియొక్క సంవత్సరములు. కారణము మాఱలేదు. తిరుగబడువారి జెండా మాత్రము మాఱినది. ఆ ఆదిలాబాదు కఱవును గూర్చి, అచ్చట ప్రయోగించిన టాడా చట్టమును గూర్చి 1989లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వ్రాసినవారు బాలగోపాల్ గారు.

ఇక వారి జీవితమునకు వత్తును. తిరుపతివారికి వారి వంశము పరాయిది కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులనుండి పరిష్కరించి, రాగతాళములు నిర్ణయించి, స్వరపఱచి లోకమున కిచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వారి మాతామహులు. 1979లో శర్మగారు కన్నుమూసిరి. వేమనను గూర్చి 1928లో వారు చేసిన ఉపన్యాసములు మీలో పెక్కురు చదివియుందురు. పండితలోకము చిరకాలము లెక్కచేయని యొక కవిని శాస్త్రీయముగా పరీక్షించి, గుణమును గుణముగాను దోషమును దోషముగాను చెప్పిన గ్రంథమది. ఆ పరీక్షించు గుణము మనుమనికిని వచ్చినది.

బాలగోపాల్ గారు చదివినది గణితశాస్త్రము. వరంగల్లులోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో ఉన్నతవిద్య పూర్తిచేసి, డాక్టరు పట్టము పొంది, కొంతకాలము ఢిల్లీలో గణాంకశాస్త్ర సంస్థయందు పరిశోధన చేసి, 1981లో కాకతీయ విశ్వవిద్యాలయమున గణితాచార్యులుగా చేరిరి. ఆ దినములలో వరంగల్లు, కరీంనగరము జిల్లాలు ఉడుకుచుండెను. 1978లో జగిత్యాల ప్రాంతమున వెట్టిచాకిరి వద్దని, దొరలు కాజేసిన భూములు తిరిగి యిమ్మని రైతుకూలీలు లేచిరి. ప్రభుత్వము ఆ యేడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. తరగతిగదిలో పాఠము చెప్పి, మిగిలిన కాలమంతయు ఈ గ్రామములలో తిరుగుట వారికి అలవాటైనది. 1983లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘమునకు ప్రధాన కార్యదర్శియై, సుమారు పదునైదేండ్లు ఆ బాధ్యత వహించిరి.

వారు పనిచేసిన విధమును నేను ముఖ్యముగా చెప్పవలెను. ఎచ్చట ‘ఎన్‌కౌంటరు’ జరిగినదని పత్రికలలో వచ్చినను, భుజమున సంచి తగిలించుకొని బస్సెక్కి ఆ యూరికి పోవుట, తల్లినడుగుట, పొరుగువారినడుగుట, వీలున్నచో పోలీసువారినడుగుట, చెప్పినది చెప్పినట్లు వ్రాయుట. దీనికి నిజనిర్ధారణ యని పేరు. కారంచేడులో 1985 జులైలోను, చుండూరులో 1991 ఆగస్టులోను దళితులు హత్యకు గురియైనప్పుడు వారు పూనుకొన్నదియు ఈ విధముననే. గణితమున నిరూపణ లేని మాట చెల్లదు. ఒకచోట ఒప్పుకొన్న సూత్రమును వేఱొకచోట కాదనుటకును వీలులేదు. ఈ రెండు నియమములను వారు సంఘవిచారణలోనికి తెచ్చిరి. గణితజ్ఞుడైయుండి భారతదేశ చరిత్రను శాస్త్రముగా మలచిన కోశాంబి పండితుడు వారికి మార్గదర్శి. ఆయన రచనలను తెలుగువారికి పరిచయము చేయుచు బాలగోపాల్ గారొక గ్రంథమును వ్రాసిరి.

మన రాయలసీమ కక్షలను గూర్చియు వారు విచారించి వ్రాసిరి. సీమవాని రక్తమే వేడి యని, నాటుబాంబు మన కులవృత్తి యని వెక్కిరించుట ఇతర జిల్లాలవారికి అలవాటు. చలనచిత్రములవారికి అది వ్యాపారము. రక్తము మాట విడిచి, సారాపాటలెవరు పాడిరి, రోడ్డు కంట్రాక్టు ఎవరికి దక్కెను, పంచాయతీ యెవరి గుప్పిట నున్నది అని యడిగినచో కక్షల మర్మము చాలవఱకు బయటపడును. హింసకు స్వభావమును కారణముగా చెప్పువాడు విచారణను మానుకొన్నవాడని నా యభిప్రాయము.

ఈ పని కూర్చున్నచోట జరుగునది కాదు. 1985 సెప్టెంబరు 3వ తేదీన వరంగల్లులో, నక్సలైట్లు చంపిన పోలీసు ఉద్యోగి అంత్యయాత్ర సాగుచుండగా, పౌరహక్కుల సంఘపు ఉపాధ్యక్షులును పసిపిల్లల వైద్యులునైన డాక్టరు రామనాథముగారిని వారి వైద్యశాలలోనే కాల్చి చంపిరి. ఆ యేడే బాలగోపాల్ గారిని నిర్బంధించి కొన్ని మాసములు చెఱయందుంచిరి. ఆ యేటితో విశ్వవిద్యాలయపు ఉద్యోగమును ముగిసినది. 1989లో ‘ప్రజాబంధు’ అను పేర ఒక ముఠా వారినపహరించెను. విడుదలైన పిదప వారు మరల సంచి తగిలించుకొని బస్సెక్కిరి.

ఏమాశించి యిట్లు చేసిరి? వరంగల్లులో ఆచార్య పదవి చాలదా? ఈ ప్రశ్నకు జవాబు వారి జీవితపు ఉత్తరార్ధమున నున్నదని నేను తలచుచున్నాను.

దేశాభిమానులు పలువురు వారిపై నొక ఆక్షేపణ చేయుచుండిరి. “పోలీసు చంపినచో పరుగెత్తుకొని పోవుదురు; నక్సలైటు చంపినచో కలము కదలదేమి?” అని. ఆ ఆక్షేపణను నేనును నా చిన్నతనమున చేసితిని. మందుపాతరకు బలియైన కానిస్టేబులును పేదరైతు కొడుకే. ఇన్‌ఫార్మరను నెపముతో నడివీధిలో చంపబడినవాడును తఱచు కూలివాడే. ఆ తల్లి కన్నీటికి లెక్క యెవరు వ్రాయుదురు? ఈ ప్రశ్నను బయటివారు వేసినంత కాలము అది వాదమై యుండెను. 1990లు గడచుకొలది బాలగోపాల్ గారే తమవారి నడుమ కూర్చుండి ఆ ప్రశ్నను లేవనెత్తిరి. హక్కులు మనుష్యులందఱివైనచో ఉద్యమము పేర జరిగిన హింసను విమర్శింపక విడుచుట ఎట్లని అడిగిరి. ప్రభుత్వ హింసకును దానికిని భేదము గలదని, చట్టము పేర ప్రమాణము చేసినవాడు చట్టమును మీఱుట ప్రత్యేకదోషమని వారు మఱువలేదు. ఐనను, చంపుటను చంపుట యనియే పిలువవలెనని పట్టుబట్టిరి.

దాని ఫలితమేమి? పదునైదేండ్లు తోడుగా నడచిన మిత్రులతో భేదము వచ్చినది. సంఘమును విడిచి, 1998లో మఱికొందఱితో గూడి మానవహక్కుల వేదికను స్థాపించిరి. అటుపోలీసులకు శత్రువు, ఇటు పూర్వమిత్రులకు అపనమ్మకము. పదవిగాని పార్టీగాని వారికి ఆసరా లేదు. ఎవరి మెప్పుకొఱకో పనిచేసినవాడు ఈ స్థితిని కోరి తెచ్చుకొనడు. లెక్క సరిగా రావలెనను పట్టుదల యొకటి, చచ్చినవాడెవడైనను వాని యింటి గడప ద్రొక్కి వచ్చిన యెఱుక యొకటి, ఈ రెండే వారిని నడిపినవని నాకు తోచుచున్నది.

నలుబది యేండ్లు దాటిన పిదప వారు న్యాయశాస్త్రము చదివి హైకోర్టున న్యాయవాదియైరి. గిరిజనుల భూములు, దళితుల అభియోగములు, ప్రాజెక్టులక్రింద ఊళ్లు పోగొట్టుకొన్నవారి వ్యాజ్యములు వారి వకాల్తులు. ఆ వయస్సున ఇప్పుడున్న నేను, నా బల్లమీది కాగితములను చూచుకొనునప్పుడు సిగ్గుపడుచుందును. ఎన్‌కౌంటరు మరణములలో పోలీసులపై కేసు నమోదుచేసి విచారింపవలెనని, ఆత్మరక్షణ యన్నది రుజువు చేసికొనవలసిన మాట యని 2009 ఫిబ్రవరి 6వ తేదీన మన హైకోర్టున అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. పౌరహక్కులవారు ఏండ్ల తరబడి చేసిన వాదమది. సుప్రీముకోర్టు దానిని నిలిపివేసెను. పిదప 2014 సెప్టెంబరులో ఆ కోర్టే ఎన్‌కౌంటరు మరణములపై జరుగవలసిన విచారణకు పదునాఱు నియమములను విధించెను. అప్పటికి బాలగోపాల్ గారు లేరు.

వరంగల్లులో వారు చదివిన కళాశాలలోనే, ఆ 1970లలోనే, శ్రీకాకుళపు బిడ్డ యొకడు ఇంజనీరింగు చదివెను. నంబాళ్ల కేశవరావు. అతడు అడవికి పోయి, 2018లో మావోయిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శియై, 2025 మే 21వ తేదీన ఛత్తీస్‌గఢ్ అడవులలో భద్రతాదళముల కాల్పులలో మరణించెను. ఇరువురును మన తెలుగుబిడ్డలు, ఇరువురును బుద్ధిమంతులు, ఇరువురును తమ కాలపు అన్యాయమును చూచి కలతనొందినవారే. ఒకడు తుపాకితో ఆ అన్యాయమునకు జవాబిచ్చుటకు పోయి సుమారు నలుబదియేండ్లు అడవిలో గడపెను. రెండవవారు ఆ అన్యాయమును, ఆ తుపాకిని కూడ ప్రశ్నించుచు మన నడుమనే యుండిరి. రెండవ త్రోవ సులభమైనదని మాత్రము అనరాదు. దానిలో జెండాయును లేదు, జయజయధ్వానములును లేవు.

విచారించువాడు కేవలము వ్రాసి ఊరకుండునా, వాని వలన శాంతి కలుగునా అని మీరడుగవచ్చును. శ్రీ ఎస్. ఆర్. శంకరన్ గారిని తలచుకొనుడు. వెట్టిచాకిరి నిర్మూలనకై పాటుపడిన ఐ.ఎ.ఎస్. అధికారి. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యమున గుర్తేడుకడ నక్సలైట్లు అపహరించిన అధికారులలో వారొకరు. అపహరింపబడినవాడు పగ పట్టవచ్చును. వారు పగ పట్టక, 1997లో పౌరస్పందన వేదిక యను ప్రయత్నమును ఆరంభించి, ప్రభుత్వమును, నక్సలైట్లను ఒకే బల్లకడ కూర్చుండుడని యేండ్ల తరబడి బ్రతిమాలిరి. 2004 అక్టోబరులో హైదరాబాదున నాలుగు దినములు చర్చలు జరిగినవి. 2005 ఆరంభమునకే అవి చెడినవి. చెడినంతమాత్రమున ఆ నాలుగు దినములు వ్యర్థమని నేననను. అలిపిరి పేలుడు జరిగిన యేడాదికే, ఒక బల్లకు ఇరువైపుల వారు కూర్చుండి మాటలాడగలిగిరి గదా!

సోదరులారా! ఇంక మన యూరి సంగతి. 2015 ఏప్రిల్ 7వ తేదీన మన శేషాచలపు అడవులలో ఎఱ్ఱచందనపు దుంగలు నఱుకుటకు వచ్చిన ఇరువదిమంది తమిళనాటి కూలీలు పోలీసుల కాల్పులలో చనిపోయిరి. తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల బీదలు వారిలో పెక్కురు. రాళ్లతో, గొడ్డళ్లతో మీదికి రాగా ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసులనిరి. ముందే పట్టుకొనిపోయి చంపిరని ఆ కూలీల పక్షమువారనిరి. ఆ దినమున కోర్టు ఆవరణలో టీ త్రాగుచు, “దొంగలు చచ్చిన మనకేమి?” యని మావారొకరనిరి. దొంగతనమునకు మన చట్టమున మరణశిక్ష లేదు. ఆ దుంగలు కొనువాడును, ఓడకెక్కించువాడును ఆ అడవిలో చచ్చినవారిలో లేరు. ఇది చెప్పి, “వారెట్లు చచ్చిరో విచారణ జరుగవలెను గదా?” అంటిని. “నీవు స్మగ్లర్ల వకీలువా?” అని జవాబు వచ్చినది. మా గదిలో ఆ రైతుబిడ్డ విన్న మాటయే అది. పండ్రెండేండ్ల పిదప నా వంతు వచ్చినది.

2019 డిసెంబరు 6వ తేదీన హైదరాబాదుకడ చటాన్‌పల్లిలో, ఒక యువతిని చెఱచి చంపిరను నేరారోపణ గల నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనులు పోలీసులపై పూలు చల్లిరి. ఆ యువతికి జరిగిన ఘోరమునకు మనకు కలిగిన కోపము సహజము. ఐనను, సుప్రీముకోర్టు నియమించిన సిర్పుర్కర్ సంఘము 2022లో, వారిని చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరని తేల్చెను. ఆ పూలు చల్లిన చేతులు మనవంటి చదువరుల చేతులే. చట్టమును విడిచి చంపుట మంచిదని ఒప్పుకొన్న పిదప, అడవిలోనివాడు అదే మాట చెప్పినచో వానికి మనమేమని జవాబు చెప్పగలము?

కారణము నడుగుట సమర్థించుట కాదు. జ్వరమునకు కారణము వెదకు వైద్యుడు జ్వరమునకు మిత్రుడా? కాని కారణము వెదకువాడు ఒక నియమమునకు కట్టుబడవలెను: తనకిష్టమైనవాడు చంపినను, కానివాడు చంపినను ఒక్క కొలతతోనే కొలువవలెను. బాలగోపాల్ గారి జీవితమున నాకు తెలిసిన సారమిది. వారి అభిప్రాయములన్నిటిని మీరంగీకరింపనక్కఱలేదు. నేనును కొన్నింటిని అంగీకరింపను. కాశ్మీరమును గూర్చి వారు వ్రాసినదానితో మన పత్రిక పాఠకులలో చాలమందికి భేదముండును. ఐనను భేదముగల చోటనే విద్వాంసుని పరీక్షింపవలెను.

నా మనవి యొక్కటి. ఈ పఠనమందిరమునకు వచ్చు యువకులలో ఎవడైన “వారెందులకట్లు చేసిరి?” అని యడిగినచో వాని చొక్కా పట్టుకొనకుడు. కుర్చీ చూపి కూర్చుండబెట్టుడు. వారి వ్యాసములీ మందిరపు బీరువాలో నుంచుటకు పుస్తకములు నేను తెచ్చితిని, కార్యదర్శిగారు స్వీకరింపవలెను. ఆ నాటి రాత్రి నేను చేయవలసి చేయక విడిచిన పని, ఇంత ఆలస్యముగనైన, ఈ విధముగ మొదలుపెట్టుచున్నాను.